బావ 120 ఎత్తుతాడట

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. నాకు 27 ఏళ్లు. ఉండేది విజయవాడ మొగల్రాజపురం, ఉద్యోగం ప్రైవేటు బ్యాంకులో. మా బావకి 38. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు. రెండేళ్ల కిందట హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 6.3 ఉంది, షుగరు గడప దాకా వచ్చింది అని డాక్టరు చెబితే పటమటలో ఒక జిమ్‌లో చేరారు. ఇప్పుడది 5.5కి దిగింది. షుగరైతే దారికొచ్చింది గానీ మనిషిని పట్టలేకపోతున్నాం. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా బెంచ్ ప్రెస్ (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువు పైకి తొయ్యడం) 120 కిలోల కథే. చొక్కా చేతులు బిగించి కుట్టించుకుంటారు. భోజనాల బంతిలో నన్ను చూపించి "మా బామ్మర్ది విస్తరాకు కూడా రెండు చేతుల్తో ఎత్తుతాడు" అంటారు. అందరూ నవ్వుతారు. అక్క కూడా నవ్వింది.

పంతం పట్టి అదే జిమ్‌లో చేరాను. ఐదు నెలలైంది. మొన్న ఆయన చూస్తుంటే బెంచ్ మీద 80 వేయించుకుని పడుకున్నాను. కుడి భుజం పట్టేసింది. మూడు వారాలైనా చెయ్యి పైకెత్తితే నొప్పి. ఇంట్లో చెప్పలేదు. అద్దంలో రోజురోజుకీ సన్నబడుతున్నట్టే కనిపిస్తున్నాను. బయటికెళ్తే చొక్కా లోపల రెండు బనీన్లు వేసుకుంటున్నాను. జిమ్‌లో ఒకతను "రెండు నెలలు కోర్సు కొట్టు, మీ బావ నోరు మూతపడుద్ది" అని ఇంజెక్షన్ల లిస్టు రాసిచ్చాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బావ నోరు మూయించే మార్గం చెప్పండి. ఆ ఇంజెక్షన్లు ఒక్క కోర్సుకైతే పర్వాలేదా?

ఒక బామ్మర్ది, విజయవాడ

సమాధానం:

బాబూ, నువ్వు బావతో మొదలుపెట్టి ఇంజెక్షన్లతో ముగించావు. నేను ఆ చివరి నుంచి వస్తాను, ఎందుకంటే అది ఆగే విషయం కాదు.

వద్దు. ఒక్క కోర్సు కూడా వద్దు.

లిస్టులో ఏముందో నువ్వు రాయలేదు గానీ ఇలాంటి లిస్టులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. టెస్టోస్టెరాన్ ఒకటి, జిమ్‌లో డెకా అని పిలిచే నాండ్రలోన్ ఒకటి, పైన డయానబాల్ మాత్రలు. ఇవి పనిచెయ్యవని నేను అనను. పనిచేస్తాయి, అందుకే అమ్ముడుపోతున్నాయి. బయటినుంచి హార్మోను దండిగా వస్తుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది. సంకేతం ఆగితే అవి సొంతంగా తయారుచేసే టెస్టోస్టెరాన్ ఆగుతుంది, వీర్యకణాలు పడిపోతాయి, వృషణాలే కుంచించుకుపోతాయి. మానేశాక మామూలు కావడానికి కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. కొందరికి పూర్తిగా తిరిగిరాదు. ఎక్కువైన హార్మోను కొంత ఈస్ట్రోజెన్‌గా మారి మగవాడికి రొమ్ములు పెరుగుతాయి. ముదిరితే ఆపరేషన్ తప్ప దారి లేదు. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె గోడ మందమవుతుంది. ఈ రెండూ అద్దంలో కనిపించవు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని నువ్వే రాశావు. పెళ్లిచూపుల్లో జీతం అడుగుతారు, జాతకం అడుగుతారు, సొంతిల్లు ఉందా అని అడుగుతారు. కోర్సు కొట్టావా అని మాత్రం అడగరు, నువ్వూ చెప్పవు. రెండేళ్లు పిల్లలు పుట్టకపోతే ముందుగా ఆస్పత్రి మెట్లెక్కేది ఆ పిల్ల.

లిస్టులో మెఫెంటెర్మైన్ కూడా ఉందేమో చూడు. ఆపరేషన్ బల్ల మీద మత్తిచ్చాక రోగి బీపీ పడిపోతే లేపడానికి మత్తు డాక్టర్లు వాడే ఇంజెక్షన్ అది. దాన్ని కొన్ని జిమ్‌లలో వర్కవుట్‌కి ముందు పొడిచేసుకుంటున్నారు. అలసట తెలియదు, గుండె మాత్రం పరుగెడుతుంది. పైగా అలవాటు పడతారు. లిస్టు రాసిచ్చిన అబ్బాయి నీ స్నేహితుడే కావచ్చు, కానీ ఈ వ్యవహారంలో అతను అమ్మకందారు. ఆ కాగితం చించెయ్.

ఇక భుజం. మూడు వారాలు తగ్గని నొప్పిని పట్టేయడం అనరు. ఎముకల డాక్టరు దగ్గరికి ఈ వారమే వెళ్లు. చెయ్యి పక్కనుంచి పైకి లేపేటప్పుడు సగం దారిలో నొప్పి ఎక్కువై, పూర్తిగా పైకెళ్లాక తగ్గుతోందా? రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే మెలకువ వస్తోందా? ఈ రెండూ ఆయనకి చెప్పు, సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. అప్పటిదాకా బెంచ్ ప్రెస్సూ వద్దు, తలపైకి ఎత్తేవీ వద్దు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెలల్లో బరువులు చకచకా పెరుగుతాయి. అప్పటికింకా కండ పెద్దగా రాదు, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి, అంతే. కండని ఎముకకి కట్టే స్నాయువులు గట్టిపడడం కండకన్నా ఇంకా నెమ్మది. ఐదు నెలలవాడు 80 కింద పడుకుంటే, అదీ పక్కన బావ చూస్తుంటే, ముందుగా పోయేది భుజమే. ఇంట్లో చెప్పు. దాచడానికి నువ్వేమీ దొంగతనం చెయ్యలేదు.

ఇప్పుడు 120 సంగతి. ఇది నాకు ఇష్టమైన విషయం. కాలేజీలో పీడీగా, అంటే ఆటల మాస్టారుగా, ఉన్నన్నాళ్లూ కుర్రాళ్ల నోట ఇలాంటి అంకెలు వింటూనే ఉన్నాను.

120 అంటే లెక్క ఇది: 20 కిలోల బార్, దానికి చెరో పక్కా 50 చొప్పున ప్లేట్లు. ఆ 20 అనేది పోటీల్లో మగవాళ్లు వాడే బార్ బరువు. పేటల్లో ఉండే జిమ్‌లలో చాలా బార్‌లు పొట్టివి, అందులో సగమే తూగేవీ ఉంటాయి. అయినా లెక్కలో మాత్రం అందరూ 20 అనే కలుపుతారు. అక్కడే పది కిలోలు గాల్లోంచి పుట్టాయి. తర్వాత స్పాటర్, అంటే వెనక నిలబడి బార్‌కి కాపు కాసేవాడు. బార్ మధ్యలో ఆగిపోతే "నీదే బ్రో, నీదే" అని అరుస్తూ వేళ్లతో లాగుతుంటాడు చూడు, అతను. ఆ అరుపు ఎంత గట్టిగా ఉంటే అతను మోసే వాటా అంత ఎక్కువ అని నా అనుభవం. ఇక బార్‌ని ఛాతీ మీదికి వదిలేసి, అది ఎగిరొచ్చిన ఊపులో లేపడం. కొందరు ఛాతీ దాకా రాకుండా సగంలోనే వెనక్కి తిప్పేస్తారు. కాళ్లతో బరువు తోసే లెగ్ ప్రెస్ సంగతి ఇంకా తమాషా. బల్ల 45 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి 300 కిలోలు ఎక్కిస్తే కాళ్ల మీద పడే భారం సుమారు 210. ఫోన్ స్టేటస్‌లో మాత్రం 300. మీ బావ ఇవన్నీ చేస్తారని నేననడం లేదు. నిజంగానే 120 లేపుతున్నారేమో, ఆ వయసులో రెండేళ్లకి అది మంచి బలమే. ఎంత లేపుతున్నారో మనకీ తెలియదు, ఆయనకీ తెలియదు. చూసి చెప్పేవాడు లేడు, అదీ అసలు సంగతి.

సంక్రాంతికీ తిరునాళ్లకీ మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎడ్ల చేత బండ లాగిస్తారు కదా. ఊళ్లో ఎవడి ఎద్దు గొప్పదో వాడే చెప్పుకుంటాడు, కానీ బండ ఎంత బరువో అందరికీ తెలుసు, టైము పెట్టి, టేపు పట్టి ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు. మైకులో చెప్పాక ఇక వాదన లేదు. ఎద్దుకున్న ఆ మర్యాద జిమ్‌లో మనిషికి లేకుండా పోయింది.

పవర్‌లిఫ్టింగ్ పోటీలో బెంచ్ ప్రెస్ ఎలా ఉంటుందో ఒకసారి చూడు. బార్ ఛాతీ మీదికి దిగి కదలకుండా నిలవాలి. రిఫరీ ప్రెస్ అన్నాకే పైకి తొయ్యాలి. మోచేతులు పూర్తిగా సాగాక, ర్యాక్ అన్న మాట వినబడేదాకా పట్టుకుని ఉండాలి. పిరుదులు బల్ల మీంచి లేస్తే చెల్లదు. ముగ్గురు రిఫరీలుంటారు, ఇద్దరు తెల్లలైటు వెయ్యాలి. ఉండేవి మూడే ప్రయత్నాలు. ఈ పద్ధతిలో జిమ్‌లో 120 అన్నవాడు 95 దగ్గర ఆగడం నేను చాలాసార్లు చూశాను. ఆ రోజు మొహం మాడుతుంది. తర్వాత వాళ్లలో కొందరు గొప్పగా బాగుపడ్డారు, ఎందుకంటే మొదటిసారి నిజమైన అంకె ఒకటి చేతికొచ్చింది.

నిజంగా ఎత్తినవాళ్ల ఓటములు కూడా పుస్తకాల్లో ఉంటాయి. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం నెగ్గిన మొదటి భారతీయ మహిళ. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. ఆమె చివరి ప్రయత్నానికి 137.5 అడిగింది, అది దక్కలేదు. ప్రపంచమంతా చూస్తుండగా దక్కలేదు. ఇన్నేళ్లయినా ఆ 137.5 రికార్డులో అలాగే ఉంది. మనకి దగ్గర్లోనే, స్టూవర్టుపురం నుంచి వెళ్లిన రాగాల వెంకట్ రాహుల్ 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187 కలిపి 338తో బంగారం తెచ్చాడు. ఇలాంటి అంకెలకి బిగుతు చొక్కాతో పని లేదు.

అలాగని కండ చూసుకుని మురవడం తప్పని నేననను. చమటోడ్చి పెంచినవాడు చూసుకోకపోతే ఎవరు చూస్తారు? పాతకాలం వ్యాయామశాలల్లో కూడా జబ్బలు చరిచేవాళ్లు, మీసం దువ్వేవాళ్లు. విజయవాడ ఇండోర్ స్టేడియానికి పేరున్న దండమూడి రాజగోపాలరావు గారు దేశం తరఫున బరువులెత్తిన మనిషి. సినిమాలో భీముడి వేషం కట్టింది కూడా ఆ దేహంతోనే. ఆ భీముడు విరాటుడి కొలువులో వలలుడనే పేరుతో గరిటె తిప్పుతుంటాడు. అదే కథలో ఉత్తరుడూ ఉన్నాడు. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కౌరవుల్ని ఒంటిచేత్తో కొడతానన్నవాడు సేనని చూడగానే రథం దిగి పరుగు లంకించుకున్నాడు. అందరూ అక్కడి దాకానే చెప్పుకుని నవ్వుతారు. తర్వాతది ఎవరూ గుర్తుపెట్టుకోరు. బృహన్నల వెంటబడి పట్టుకొచ్చి పగ్గాలు చేతికిస్తే, ఆ కుర్రాడు యుద్ధం మధ్యలో రథం తోలాడు. ఇంటికొచ్చాక తండ్రి కొడుకు గెలిచాడని పొంగిపోతుంటే, గెలిచింది నేను కాదు నాన్నా అని నిండు సభలో చెప్పాడు. పొద్దున కోతలు కోసిన నోరే అది. మధ్యలో ఒకసారి యుద్ధరంగం చూసొచ్చింది, అంతే తేడా.

అందుకని మీ బావని కూడా రంగం దగ్గరికి తీసుకెళ్లమంటాను. ఎగతాళికి కాదు. మన జిల్లాల్లో పవర్‌లిఫ్టింగ్ పోటీలు జరుగుతుంటాయి, మంగళగిరి అమ్మాయిలు అంతర్జాతీయ పతకాలు తెచ్చిన ఆట ఇది. "బావా, ఆదివారం ఖాళీయేనా, పోటీ చూసొద్దాం" అను. ఇద్దరూ బండి మీద వెళ్లండి. 60 కిలోలు లేని ఆడపిల్ల తన ఒంటి బరువుకి రెట్టింపు పైన పెట్టుకుని గుంజీ తీసి లేవడం ఆయన కళ్లతో ఆయన చూడనీ. వచ్చేటప్పుడు నువ్వేమీ వ్యాఖ్యానించొద్దు. తనూ పాల్గొంటానంటే ఇంకా మంచిది. ఒంటి బరువు 85, 90 మధ్య ఉంటే 93 కిలోల విభాగంలో పడతారు. నువ్వు వెనకుండి నీళ్ల సీసా పట్టుకో.

అంతకన్నా సులువైన పని ఒకటుంది. ఈ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం 120 గురించినది కాదు. 6.3 నుంచి 5.5. కొట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా కూర్చునే మనిషి, 38 ఏళ్లకి, షుగరు గడపలోంచి వెనక్కి నడిచొచ్చాడు. 5.7 నుంచి ముప్పు, 6.5 నుంచి జబ్బు అంటారు, ఆయన 5.7కి కిందికొచ్చాడు. ఇది ల్యాబ్ కాగితం మీద ఉంది. స్పాటర్ చెయ్యి వెయ్యలేదు, బార్ బరువు గొడవ లేదు. గొప్ప చెప్పుకోవాల్సింది ఇది కదా! దీన్ని వదిలేసి ఆ 120 ఎందుకు మోస్తున్నాడు? మీ ఇంట్లో ఎవరూ శెభాష్ అనలేదేమో. షుగరు వచ్చిందంటే అందరూ పలకరిస్తారు, పోయిందంటే ఎవరూ పలకరించరు. కండ మాత్రం కనిపిస్తుంది, కనిపించేదానికి మనుషులు తలతిప్పుతారు. ఆయన దానికే అలవాటు పడ్డాడు. ఇది నా ఊహే, కానీ పరీక్షించడం తేలిక.

ఈసారి బంతిలో ఆయన 120 అని మొదలుపెట్టగానే నువ్వే అందుకో. "బావా, షుగరు ఎలా తగ్గించారో మామయ్యకి చెప్పండి." ఆ వరసలో కూర్చున్న పెద్దవాళ్లలో సగంమందికి షుగరే ఉంటుంది, వడ్డించే స్వీటు వంక చూస్తూ ఉంటారు. అందరూ ఆయన వైపు తిరుగుతారు. అన్నం ఎంత తగ్గించావు, రాత్రిళ్లు ఏం తింటున్నావు, నడకా బరువులా అని అడుగుతారు. అంత శ్రద్ధగా వినే జనం 120కి ఏనాడూ దొరికి ఉండరు. నీ విస్తరాకు జోకు వెయ్యడానికి ఆయనకి తీరికుండదు.

జోకు ఆగకపోతే మాత్రం మాట్లాడాల్సిందే. బావా బామ్మర్దుల సరసం మన ఇళ్లల్లో ఉన్నదే, అందులో తప్పు లేదు, కానీ అది రెండువైపులా నడవాలి. మీ ఇంట్లో నడవదు. ఆయన ఇంటల్లుడు. నువ్వు ఒక్క మాట తిరిగి అంటే మీ అమ్మ "పోనీలేరా, అల్లుడుగారు" అంటుంది. అందుకే పదిమందిలో వద్దు. ఆటోనగర్ వెళ్లు, కొట్టు కట్టేసే వేళకి, టీ తాగుతూ చెప్పు: "బావా, మీరు సరదాకే అంటున్నారని తెలుసు. నాకు మాత్రం బాధగా ఉంది. పదిమందిలో ఇక అనొద్దు." అంతే. భుజం కూడా చూపించు. ఆయన కళ్లముందే పోయిన భుజం అది, మనిషన్నవాడు మెత్తబడతాడు. అక్క నవ్విందని విడిగా ఒక వాక్యం రాశావు. బావ జోకు కన్నా నిన్ను గుచ్చింది అదేనని నాకనిపించింది. అక్కకి విడిగా చెప్పు. ఆవిడ ఎందుకు నవ్విందో నాకు తెలుసులే. భర్త అంటుంటే నవ్వక ఏం చేస్తుంది. నీకు తగిలిందని తెలిస్తే ఇంకోసారి నవ్వదు.

చివరగా ఆ రెండు బనీన్లు. విజయవాడ ఎండల్లో చొక్కా కింద రెండు బనీన్లు! నవ్వడానికి రాయలేదు. నాకు నీ ఉత్తరంలో ఇంజెక్షన్ల తర్వాత ఎక్కువ దిగులు కలిగించింది అదే. 1993లో హారిసన్ పోప్ అనే అమెరికన్ మనోవైద్యుడు, ఆయన సహచరులు బాడీబిల్డర్లని పరిశీలించి ఒక విచిత్రం రాశారు. కండలు తిరిగిన మగవాళ్లు తాము బక్కగా ఉన్నామని నమ్మి, వదులు బట్టల్లో ఒళ్లు దాచుకుంటున్నారు. ఇప్పుడు వైద్యులు దీన్ని ఒక మానసిక సమస్యగానే గుర్తిస్తారు. నీకు అదే ఉందని ఉత్తరం చూసి నేను తేల్చలేను. కానీ ఐదు నెలలు బరువులెత్తిన కుర్రాడు రోజురోజుకీ సన్నబడడు. సన్నబడుతున్నది అద్దంలో మనిషే. నువ్వు ఫోన్లో చూసి పోల్చుకునే జిమ్ వాళ్ల ఫొటోలుంటాయే, అవేమో వర్కవుట్ అయిన నిమిషాల్లో, కండల్లోకి రక్తం చేరి ఉబ్బినప్పుడు, నెత్తిమీద లైటున్న అద్దం ముందు తీసినవి. గంటా రెండు గంటల్లో ఆ ఉబ్బు దిగిపోతుంది, వాళ్లకీ. మందుల్లేకుండా, సరిగా తిని సరిగా పడుకునేవాడికి మొదటి ఏడాదిలో నెలకి అరకిలో కండ పెరిగినా అది మంచి పెరుగుదలే. తిండి సంగతంటావా, కిలో ఒంటి బరువుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు, 60 కిలోలవాడికి 96. గుడ్డుకి ఆరు గ్రాములు, మిగతాది పప్పు, పెరుగు, చికెను, చేప చూసుకుంటాయి. డబ్బా పౌడరు వేసుకుంటే వేసుకో, లేకపోయినా లోటు లేదు.

భుజం తగ్గేదాకా అద్దం లేని చోట నడువు. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద గాలి బాగుంటుంది. భుజం తగ్గాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు బావ వెళ్లే వేళకి వెళ్లకు, ఖాళీ బార్‌తో మొదలుపెట్టు, ఎవరూ చూడని పుస్తకంలో అంకెలు రాసుకో. నెల రోజుల తర్వాత కూడా ఒక బనీనుతో గడప దాటలేకపోతే, పెళ్లిళ్లకీ భోజనాలకీ తప్పించుకోవడం మొదలైతే, మానసిక వైద్యుణ్ణి కలువు. నేరుగా వెళ్లడానికి మొహమాటమైతే ముందు 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు అడగరు, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.